డైమను ఆరు దొరికేదాకా

కోడలు భోజనాల బల్ల తుడుస్తోంది. తుడుస్తోంది అనేకంటే బల్లమీది సందుల్లో తిరుగుతోంది అనడం నయం. బల్లనిండా ఏడు వరసల్లో పేకముక్కలు పరిచి ఉన్నాయి. అది మామగారు నిన్న సగంలో ఆపిన ఆట, దాన్ని కదపకూడదు. అందుకని ఆమె తడిపి పిండిన ఆకుపచ్చ గుడ్డను చూపుడువేలికి చుట్టి, రెండు వరసల మధ్య పైనుంచి కిందికి లాగి, మళ్ళీ పక్క సందులోకి దిగుతుంది. ఇంటిల్లిపాదీ పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తినడానికి ఎప్పుడో అలవాటుపడ్డారు.

మామగారు రైల్వేలో యార్డు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంటికొచ్చిన కొత్తలో ఎవరు ముందు స్నానానికి వెళ్ళాలి, ఎవరు వెనక ఆగాలి అని వరండాలో నిలబడి చేతులు ఊపేవారు. అది భరించలేక కొడుకు ఒక పేకదస్తా కొని, ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆట నేర్పాడు. మొదటి వరసలో ఒక ముక్క, రెండోదాంట్లో రెండు, అలా ఏడోదాంట్లో ఏడు. ప్రతి వరసలో చివరి ముక్క మాత్రమే మొహం చూపిస్తుంది. నలుపు మీద ఎరుపు, ఎరుపు మీద నలుపు, అంకె ఒక్కొక్కటే తగ్గుతూ రావాలి. ఖాళీ అయిన వరసలోకి రాజు తప్ప ఇంకెవరూ రాకూడదు. దారి మూసుకుపోతే, పక్కన బోర్లించిన కట్టలోంచి ముక్కలు తిప్పుకోవాలి. ఆసులు దొరికినప్పుడు పైన పెట్టుకుని, ఏ జాతి మీద ఆ జాతిని రాజుదాకా పేరిస్తే గెలిచినట్టు.

"ఇది ఆటేంట్రా, అచ్చంగా షంటింగు!" అన్నారు మామగారు. ఆరోజునుంచి ఆ వరసలు లైన్లు, ముక్కలు రైలుపెట్టెలు, రాజు ఎక్స్‌ప్రెస్సు. అయితే ఆయన ఒక్కసారీ గెలవలేదు. "కింది ముక్క కాస్త పైకి లాగేయండి నాన్నా, ఎవరు చూస్తారు?" అని కొడుకు ఒకసారి అన్నందుకు, పట్టాలు పీకమన్నంత ఇదిగా చూశారు.

ఆ ఉదయం కోడలి ఏర్పాటు వేరు. బల్ల తుడిచేసి, జడ వేసుకుని, పదింటికల్లా డ్రైవింగు పరీక్షకు వెళ్ళాలి. ఇది మూడోసారి. మొదటిసారి కారు వెనక్కి నడుపుతూ స్తంభాన్ని గుద్దింది. రెండోసారి పరీక్షాధికారి కుర్చీని గుద్దింది. అదృష్టం, అప్పుడు ఆయన అందులో లేడు. ఇవాళ తప్పితే మళ్ళీ మొదటినుంచీ రావాలి. ఊరి బయట బడిలో డ్రాయింగు టీచరు ఉద్యోగం దొరికింది గానీ అక్కడికి బస్సు లేదు, ఆ బడివాళ్ళు ఆగరు. పక్కన కూర్చోడానికి మొగుడు సెలవు కూడా పెట్టాడు.

ఇంతలో మామగారు వచ్చి కూర్చున్నారు. అత్తగారు టీ తెచ్చారు. ఆవిడ టీలో చక్కెర ఎక్కువ, నడకలో తొందర ఎక్కువ. కప్పులోది కొంత సాసరులోకీ, సాసరులోది కొంత దాని అడుక్కీ చేరింది. మామగారు చూసుకోకుండా దాన్ని చేతికందిన చోట, బోర్లించిన కట్టమీద, పెట్టి ఒక ముక్క జరిపారు. దాని కింద ఇస్పేటు ఏడు తేలింది.

"అమ్మాయ్!" అని కేక పెట్టారు. "డైమను ఆరు ఒక్కటి పడితే చాలు, యార్డంతా ఖాళీ! నిన్న చూశాను, కట్టలోనే ఉంది."

సాసరుతో సహా కప్పును ఎడమచేత్తో పైకెత్తి, కుడిచేత్తో కట్ట తిప్పారు. ఆరు లేదు. మళ్ళీ తిప్పారు. లేదు.

"పెట్టె పోయింది," అన్నారు, ఉద్యోగం నాటి గొంతుతో. "బల్లమీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. ఇది ప్రమాదం జరిగిన చోటు."

ఆ మాటకు తానూ కట్టుబడి, కప్పును బల్లమీద పెట్టకుండా అలాగే పట్టుకుని వెళ్ళి గేటుకు తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు.

"మామయ్యగారూ, నాకు పదింటికి పరీక్ష…"

"పెట్టె దొరక్కుండా బండి కదలదమ్మాయ్. బల్ల ఎవరు తుడిచారు?"

"నేనే. రోజూ నేనేగా."

"ఏ లైనునుంచి మొదలుపెట్టావు? చేసి చూపించు."

కోడలు గుడ్డ వేలికి చుట్టుకుని గాల్లో తుడిచి చూపించింది. మూడోసారి చూపించేసరికి మొగుడు గోడ గడియారం వైపు చూసి, నిట్టూర్చి, సోఫా కిందికి దూరాడు.

"ఫ్రిజ్ కింద చూడరేం?" అన్నారు అత్తగారు.

"అక్కడికెలా వెళ్తుందమ్మా?"

"వెళ్ళకపోతే మరీ మంచిది. జరిపితే తెలుస్తుంది కదరా!"

జరిపారు. ఎప్పుడో పోయిన గరిటె, ఒక చెవికమ్మ, బోలెడు దుమ్ము బయటపడ్డాయి. అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఇంకో ముక్క కూడా పోతే బాగుణ్ణు, అటక కూడా అయిపోయేది," అంటూ చీపురు అందుకున్నారు.

అప్పుడు పెరట్లోంచి కరెంటు మీటరు రీడరు వచ్చాడు. సంచి భుజాన వేసుకుని, "సార్, గేటుకు తాళం వేసినట్టున్నారు," అన్నాడు.

"నువ్వెప్పుడొచ్చావు?"

"ఇందాకే సార్. వెనక మీటరు చూస్తున్నా."

"అంటే పెట్టె పోయేటప్పటికి నువ్వు యార్డులోనే ఉన్నావు. కూర్చో."

"ఏ పెట్టె సార్?" అని కూర్చుని, విషయమంతా విని, "ఓ, ఈ ఆటా! కంప్యూటర్లో అయితే ఒక్క నొక్కు నొక్కితే వెనక్కి పోతుంది సార్," అన్నాడు.

"జరిగింది జరగలేదనడానికి నీ నొక్కెవడయ్యా?" అన్నారు మామగారు.

"పోనీ, కాగితం మీద ఆరు గీసేసుకుంటే?"

కోడలికి ప్రాణం లేచొచ్చింది. బడికోసం కొన్న ఎర్ర పెన్సిలు తీసి, అట్టముక్క కత్తిరించి, నిమిషంలో డైమను ఆరు గీసిచ్చింది. మామగారు దాన్ని వెలుతురుకెత్తి చూశారు. పక్క ముక్కతో పోల్చి చూశారు.

"తేడా తెలియడం లేదు," అన్నారు.

"హమ్మయ్య! గేటు తాళం ఇలా ఇవ్వండి మామయ్యగారూ."

"దొంగపెట్టెను ఇంత బాగా చేయగల మనిషి ఈ ఇంట్లోనే ఉందన్నమాట!"

 వెంటనే కోడలి సంచీ తిరగేశారు. దువ్వెన, రెండు రబ్బర్లు, ఒక చాక్లెట్టు పడ్డాయి. అనుమానం పోలేదు సరికదా, చాక్లెట్టు ఎప్పటిదో తేల్చడానికి ఇంకాస్త ఆలస్యమైంది. మీటరు రీడరు చెత్తబుట్ట పేపరు మీద పోసి ఏరాడు. అత్తగారు ఆ పక్కనే అలమర కూడా ఖాళీ చేయించారు. గడియారం మాత్రం ఎవరినీ అడక్కుండా నడుస్తోంది.

చివరికి మామగారు అందరినీ సోఫాలో వరసగా కూర్చోబెట్టి, ఎదురుగా బల్లను ఆనుకుని నిలబడ్డారు. చేతిలో కప్పు అలాగే ఉంది.

"విచారణ ముగిసింది. ముక్క గుడ్డతో పాటు పోయింది. గుడ్డ పట్టుకున్నది అమ్మాయి. దొరికేదాకా అమ్మాయి ఇల్లు కదలకూడదు."

"నాన్నా, ఏడాది కష్టం!" అన్నాడు కొడుకు.

"నాది మాత్రం కాదా?" అన్నారు మామగారు. ఆ మాట అనేసరికి ఆయన గొంతెండిపోయింది. చల్లారిన టీ సాసరులోకి ఒంపుకుని, కప్పు కిటికీలో పెట్టి, సాసరును రెండు చేతులా పైకెత్తి జుర్రారు. స్టేషను స్టాల్లో అబ్బిన అలవాటు అది.

సాసరు అడుగు సోఫా వైపు తిరిగింది. దానికి అంటుకుని, ఎర్రగా, నిబ్బరంగా, డైమను ఆరు. ఇల్లంతా తిరగేశారు గానీ విచారణాధికారి కింద వెతకాలని ఎవరికీ తోచలేదు.

కొడుకు ఏదో అనబోతే అత్తగారు కాలు తొక్కారు. కోడలు చూపు పైకప్పు మీదికి తిప్పింది. ఇలాంటివాటిలో అనుభవం లేనివాడు మీటరు రీడరే.

"సార్, ఆరు."

"ఏమి ఆరు?"

"డైమను ఆరు సార్. మీరు తాగుతున్నారు."

మామగారు చూద్దామని సాసరు తిరగేశారు. మిగిలిన టీ అంతా బల్లమీద పడి ఒకటో లైనునుంచి ఏడో లైనుదాకా పారింది.

 మామగారు ముక్కను మెల్లగా ఒలిచి, ఆకుపచ్చ గుడ్డతో తుడిచి, టీలో తేలుతున్న ఇస్పేటు ఏడు మీద సరిగ్గా పెట్టారు. మిగతా ఆట ఆడలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, గుడ్డ చేతిలో అలాగే ఉండగా, చెప్పులు వేసుకుని బయటికి నడిచారు.

"మరి అటక?" అన్నారు అత్తగారు, వెనకనుంచి.

కోడలి నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. గడియారం చూసింది. మాటలు సాయంత్రం కూడా అనొచ్చు. సంచీ, కారు తాళాలు అందుకుని, తల తిప్పకుండానే వెనక్కి చెయ్యి ఊపి రమ్మని సైగ చేసి, గబగబా వెళ్ళి కారెక్కింది. పక్క తలుపు తెరుచుకుని, మూసుకుంది. అద్దంలోకి చూసింది.

గేటు బార్లా తెరిచి ఉంది. వీధి మధ్యలో మామగారు నిటారుగా నిలబడి, ఒక చెయ్యి చాపి అటువైపు స్కూటర్లను ఆపేశారు. రెండో చేతిలో ఆకుపచ్చ గుడ్డ ఎత్తి, నిదానంగా ఊపుతున్నారు. ఆయన ఆమె వైపు చూడలేదు. గుడ్డ మాత్రం తడబడకుండా ఊగుతోంది.

ఆమె ఆ గుడ్డనే చూస్తూ వెనక్కి నడిపింది. కారు పట్టాలమీద ఉన్నట్టు, గేటు స్తంభాలు రెండింటికీ తగలకుండా, తిన్నగా జారి వీధిలోకి వచ్చింది. ఆమె చేతుల్లో అది అలా రావడం ఇదే మొదలు. ఆయన గుడ్డ దించారు. ఆమె ముందుకు సాగిపోయింది.

అత్తగారి మాటమీద ఫ్రిజ్‌ను మళ్ళీ చోటుకు జరపబోయి దాని వెనక ఇరుక్కున్న మొగుడు ఇంట్లోనే ఉన్నాడనీ, పక్కసీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నది మీటరు రీడరనీ ఆమె మలుపు తిరిగాక గానీ గమనించలేదు.