ఏడు లీవర్ల పరిష్కారం

మనం మొక్కుకున్న మాటలు దేవుడు అప్పటికప్పుడు వింటాడా, లేక తీరిక దొరికినప్పుడు చూద్దామని ఏ గోదాములోనో వేయించి తాళం పెడతాడా అన్న సందేహం గోదాం గారికి చాలా ఏళ్ళుగా ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నాస్తికుడనుకుంటారని ఒక భయం, నిజంగానే గోదాము ఉందంటారేమోనని ఇంకో భయం. సందేహం సందేహమే, భక్తి భక్తే. ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోవడం అతను మానలేదు.

గోదాం గారన్నది ఆఫీసు వాళ్ళు పెట్టిన పేరు. తాళాలు తయారుచేసే ఆ కంపెనీలో కస్టమర్ల ఫిర్యాదులన్నీ క్లౌడ్‌లోని డేటా వేర్‌హౌస్‌లో పట్టికలుగా దాచి ఉంటాయి. కంటికి కనపడని ఆ గోదాముకి కాపలాదారు అతనే. ఏడాదిన్నర కిందట మేనేజరు అతనికి ఒక పని అప్పగించాడు. ఫిర్యాదుల పట్టికలో కొత్త వరుస చేరితే చాలు, మనిషి చెయ్యి పడకుండా అది కంపెనీ బ్లాగులో వ్యాసంగా వెలువడాలి, అక్కడి నుంచి పద్దెనిమిది వేలమంది కస్టమర్లకు మెయిల్‌గా వెళ్ళాలి. వాళ్ళు కింద రాసే వ్యాఖ్యలు మళ్ళీ అదే పట్టికలోకి వచ్చి చేరాలి. ప్రతి వ్యాసం చివర ఉండాల్సిన వాక్యాన్ని మేనేజరే స్వయంగా రాసిచ్చాడు: "ఇలాంటి సమస్యకు మా ఏడు లీవర్ల తాళమే పరిష్కారం." రాసిచ్చి, దాన్ని తనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

పరీక్ష కోసం గోదాం గారు ఒక ఉత్తుత్తి పట్టిక పెట్టుకున్నాడు. అందులో ఏవో కొన్ని మాటలు రాయాలి కదా. అ ఆ ఇ ఈ అని రాసినా సరిపోయేది. కానీ మొదటిరోజు వేళ్ళు వాటంతట అవే, "ఈరోజూ రెండు కప్పులు కడిగాను. ఒక్కదాంట్లోనే తాగాను" అని రాశాయి.

అతని భార్య సర్వేయరు. ఎక్కడో పెద్ద నది మీద వంతెన కడుతుంటే రెండేళ్ళ కిందట ఆ పనికి వెళ్ళింది. రైలు కదలబోతుండగా కిటికీలోంచి, "నేను వెళ్తే మీకెలా ఉంటుందండీ?" అని అడిగింది. గోదాం గారు తొందరపడి మాట్లాడే మనిషి కాదు. "ఆలోచించి చెప్తాను" అన్నాడు. రైలు వెళ్ళిపోయింది. ఆ జవాబు అలాగే బాకీ పడింది. ఫోను చేసినప్పుడల్లా గ్యాసు అయిపోయిందనీ, కుళాయి కారుతోందనీ చెప్పుకోవడంతోనే సరిపోయేది. చివర్లో ఆమె, "నాకు మీరో జవాబు బాకీ ఉన్నారు, గుర్తుందా?" అనేది. "గుర్తుంది" అని ఇతను ఫోను పెట్టేసేవాడు. పెట్టేశాక చెప్పాల్సింది గుర్తొచ్చేది. అది పట్టికలో రాసుకునేవాడు. అలా రోజుకొకటి చొప్పున నాలుగు వందల పన్నెండు వరుసలయ్యాయి.

ఆ శుక్రవారం ఉదయం పథకం చాలా తేలికైనది. ఎనిమిది యాభై ఎనిమిదికి యంత్రంలో ఉత్తుత్తి పట్టిక పేరు తీసేసి అసలు పట్టిక పేరు పెట్టాలి. తొమ్మిదికి మేనేజరు చూస్తుండగా మొదటి వ్యాసం దానంతటదే వెలువడాలి. అది చూస్తే మూడు రోజులు సెలవు ఇస్తానన్నాడు మేనేజరు. భార్య దగ్గరికి వెళ్ళే పదకొండింటి రైలుకి టికెట్టు జేబులో ఉంది. వస్తున్నానని ఆమెకు ఫోనులో చెప్పాడు కూడా. ఆ రైలు తప్పితే మళ్ళీ మంగళవారమే. అప్పటికి సెలవు అయిపోతుంది.

ఎనిమిది యాభై ఏడుకి గోదాం గారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. రోజూ దేవుడొక్కడే కనిపించేవాడు. ఆ రోజు దేవుడి వెనకాల భార్య కూడా వచ్చి నిలబడింది. నెత్తిన పసుపు రంగు హెల్మెట్, చేతిలో కొలతల టేపు. దేవుడు పెద్దమనిషిలా పక్కకి తప్పుకున్నాడు. గోదాం గారు కళ్ళు తెరిచేసరికి తొమ్మిది దాటి ఒక నిమిషం.

తొమ్మిది దాటితే పట్టిక పేరు మార్చడానికి వీల్లేదు. ఉన్న వరుసలన్నీ అయిపోయేదాకా మధ్యలో ఎవరూ వేలు పెట్టకుండా అతనే కట్టుదిట్టం చేశాడు. తాళాల కంపెనీలో పనిచేసే మనిషి అంతకంటే ఏం చేస్తాడు.

గోడ మీది తెర వెలిగింది. అన్నిటికంటే కొత్త వరుస ముందొచ్చింది. మేనేజరు కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు. "నీ చెప్పులు వరండాలోంచి తీయలేదు. దొంగలొస్తే ఇంట్లో ఇద్దరున్నారనుకుంటారు. ఇలాంటి సమస్యకు మా ఏడు లీవర్ల తాళమే పరిష్కారం." కాసేపు ఆలోచించి, "బావుందయ్యా. కస్టమరు కాస్త కవిలా ఉన్నాడు" అన్నాడు.

పది సెకన్లకి రెండోది వచ్చింది. "తలుపు తీసే ముందు ఇప్పటికీ రెండుసార్లు దగ్గుతున్నాను, లోపల నువ్వు ఉలిక్కిపడకుండా." దానికీ ఏడు లీవర్ల తాళమే పరిష్కారం. ఆరోది వచ్చేసరికి మేనేజరు కళ్ళజోడు తీసేశాడు. గోదాం గారి ముఖం చూశాడు. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

నాలుగు వందల పన్నెండూ అయిపోతే ఆగిపోవాలి. కానీ కస్టమర్లు ఊరుకోలేదు. ఒకాయన, "మా ఇంట్లోనూ రెండు కప్పులే కడుగుతాం" అని రాశాడు. ఇంకొకామె, ఆ చెప్పులు తడవకుండా చూడమంది. మరొకాయన తన తాళం తుప్పు పట్టి నాలుగు నెలలైందనీ, ఈ ప్రేమలేఖలు కట్టిపెట్టి ముందు దాని సంగతి తేల్చమనీ రాశాడు. ఆ వ్యాఖ్యలన్నీ పట్టికలో కొత్త వరుసలయ్యాయి. కొత్త వరుసలు కొత్త వ్యాసాలయ్యాయి. వ్యాసాలకు మళ్ళీ వ్యాఖ్యలు వచ్చాయి. గానుగెద్దులా యంత్రం చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఆపే దారులు రెండే. ఒకటి, బ్లాగు పాస్‌వర్డు. దాన్ని మేనేజరు కంప్యూటర్ల మీద నమ్మకం లేక కాగితం మీద రాసి బీరువాలో పెట్టి, కంపెనీ తాళమే వేశాడు. తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. కార్ఖానా నుంచి ఇద్దరు మేస్త్రీలు వచ్చి గంటసేపు కుస్తీపట్టారు. తాళం చెక్కుచెదరలేదు. "మన సరుకు సార్, ఊరికే వస్తుందా" అన్నాడు పెద్దమేస్త్రీ, ఏడవాలో గర్వపడాలో తెలియక.

రెండో దారి, పట్టిక మొత్తం చెరిపేయడం. అది గోదాం గారి చేతిలోనే ఉంది. మేనేజరు చెరిపేయమన్నాడు. గోదాం గారు మీట మీద వేలు పెట్టాడు. వేలు కిందికి దిగలేదు.

"చెరిపితే మళ్ళీ దొరకవు సార్. ఇంకెక్కడా రాసుకోలేదు" అన్నాడు.

మేనేజరు కిటికీ వైపు తిరిగాడు. గోడ గడియారంలో పదకొండు దాటింది. గోదాం గారు జేబులో టికెట్టు ఒకసారి తడుముకున్నాడు. ఇంతకాలం గోదాములో భద్రంగా దాచింది ఊరంతా చదివింది, చదవాల్సిన మనిషి తప్ప. గోదాములో పెట్టేవాడు దేవుడు కాదేమో, తనేనేమో అని మొదటిసారి అనిపించింది.

పదకొండూ నలభైకి తెర మీద ఇంకో వ్యాసం వచ్చింది. "రెండొందల మూడో వ్యాసంలో పెరటి గొళ్ళెం ఊడిందన్నారు. ఫోనులో అంతా బాగుందన్నారు. ఏది నిజం? రైలు తప్పిపోయి ఉంటుంది మీకు. నేనే బయల్దేరుతున్నాను. ఇలాంటి సమస్యకు మా ఏడు లీవర్ల తాళమే పరిష్కారం."

మెయిలు చేరుతోందో లేదో చూడ్డానికి ఏడాది కిందట ఎవరిదో ఒక చిరునామా కావలసి వచ్చి, కంఠతా వచ్చిన ఒకే ఒక్కటి ఇచ్చాడు. పద్దెనిమిది వేలమందిలో మొదటి పేరు ఆమెదే. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం ఆరింటికి, వంతెన పనుల జీపు దిగి, చేతిసంచీతో ఆమె ఆఫీసులోకి వచ్చింది. ఎండకు నల్లబడింది, చిక్కింది. గోదాం గారు తెలియకుండానే రెండుసార్లు దగ్గాడు. ఆమె అతన్ని చూసి, చుట్టూ నేలమీద పడి ఉన్న పనిముట్లను చూసి, బీరువా ముందుకి వెళ్ళి నిలబడింది. కొలతలు తీసే కన్ను ఆమెది. తాళం మూసే ఉంది, కానీ ఒక తలుపు కొక్కేనికే. రెండో కొక్కేనికి తగిలించనేలేదు. పొద్దుటి నుంచీ అందరూ తాళం గొప్పతనమే చూశారు గానీ, అది దేన్ని పట్టుకుందో ఎవరూ చూడలేదు. ఆమె తలుపు పట్టి లాగింది. కిర్రుమని తెరుచుకుంది.

మేనేజరు కాగితం తీసి పాస్‌వర్డు కొట్టాడు. తెర ఆగిపోయింది.

గోదాం గారు చేతులు కట్టుకుని, "అన్నీ చదివావు కదా" అన్నాడు.

"చదివాను. అవి ఊరందరికీ చెప్పారు. నాకు చెప్పండి" అంది ఆమె.

అతను కళ్ళు మూసుకోబోయి, మూసుకోకుండా, రెండేళ్ళ బాకీ తీర్చాడు.

"నువ్వు వెళ్తే నాకేం బాగోలేదు."

పక్కనే ఉన్న మేనేజరు అలవాటు కొద్దీ "ఇలాంటి సమస్యకు" అని మొదలుపెట్టి, తెరిచి ఉన్న బీరువా వైపు చూసి నోరు మూసుకున్నాడు.