జానెడెత్తు ఫైలారోహణము

ఆకాశమధ్యమున ప్రచండభానుడు నిప్పులు చెరుగుచుండగా, బీమా సంస్థవారి మూడవ అంతస్తున శీతలయంత్రము మంచుకొండ గుహవలె చలి గ్రక్కుచుండగా, టోకెన్లు చేతబట్టిన జనసమూహము గోడమీది ఎర్ర అంకెలయందు తమ తలరాతను చదువుకొనుచుండగా, ఆ ఇనుపకుర్చీల వరుసలో, కర్తరీకంకతధారిణియు, భ్రూలతావిన్యాసవిశారదయు, పేటకంతటికిని పార్లరక్కయని ప్రసిద్ధురాలును అగు నొక మాత, కూతురిని ఒడిలోను తిరస్కారపత్రమును సంచిలోను ఉంచుకొని సమరోన్ముఖియై కూర్చుండెను.

సమరకారణ మెట్టిదనిన: ఆ బాలిక కుడికన్ను కొంతకాలముగా ముక్కువైపునకు ఒరిగిపోవుచుండెను. లోకమునకు ఒక్కటిగా దోచునది ఆ పసిదానికి రెండుగా దోచును. వేదాంతులు జన్మమంతయు వాదించుకొను ద్వైతము ఆమెకు పాలగ్లాసునొద్దనే ప్రత్యక్షము. ఉన్న గ్లాసును విడిచి లేని గ్లాసును పట్టబోయి, పాలు నేలపాలు చేయుట నిత్యకృత్యము. ఆపరేషన్ ఆలస్యమైనచో మెదడు ఆ కంటి మాట వినుటయే మానివేయునని వైద్యురాలు హెచ్చరించెను. బీమావారు మాత్రము, ఇది అందము కొరకు చేయు చికిత్స గనుక చెల్లదని ఏకవాక్యమున తేల్చివేసిరి.

మాత తొలుత ఫోనుయుద్ధము సాగించెను. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని అశరీరవాణి పలుమార్లు పలికి, ప్రతిసారియు వేణునాదములోనికి అంతర్ధానమగుచుండగా, ఆ వీరమాత ఫోనును చెవికిని భుజమునకును నడుమ బంధించి, నోట దారము కరచి, పార్లరు కుర్చీలోని యువతి కనుబొమ్మపై తన క్రోధమునంతయు ప్రయోగించెను.

"అక్కా, నా కనుబొమ్మ!"

"ఉందిలేవే. కొంచెం ఉంది."

ఆ యుద్ధమున యువతి కనుబొమ్మ తప్ప వేరేదియు రాలలేదు. అందుచేతనే ఈ ప్రత్యక్షసంగ్రామము.

టోకెను పిలుపు రాగానే మాత లేచెను. ఎదుట, అద్దపుగోడ వెనుక, తిరస్కారముద్రాధురంధరుడగు అధికారి ఆసీనుడై యుండెను. ఆతని బల్లపై రెండు ట్రేలు ఒకదానిపై నొకటి యుండెను: క్రిందిది తిరస్కృతులకు, పైది పునఃపరిశీలనకు. బాలిక ఫైలు క్రిందిదానిలో బోర్లపడి యుండెను.

అధికారి దానిని తీసి, తిరగవేసి, మరల అందే పడవేసి, చిరునవ్వు నవ్వెను.

"ఏమ్మా, మీది బ్యూటీ పార్లర్ కదా. అందం మీద పట్టింపు ఉండటం సహజమేలెండి."

ఆ బాణము మాత మర్మస్థానమున నాటెను. ఏలయన, మొదటి దినములలో ఆ కంటిపైకి ముంగురులు దువ్వి దాచినది తానే. అందరి ముఖములను సరిదిద్దు తన కన్ను బిడ్డ రూపమును చూచెనేగాని, బిడ్డ చూపును చూచెనా? అయినను ఆమె ఆడుసింగమువలె గొంతెత్తెను.

"అందం కోసమైతే మీ దాకా ఎందుకొస్తాను సార్? అది నా కొట్లోనే దొరుకుతుంది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందర్నీ తయారుచేసేదాన్ని, నా పిల్లని చేసుకోలేనా?"

"చూడ్డానికి పాప బాగానే ఉందిగా."

"చూడ్డానికి బాగానే ఉంది. చూడ్డమే బాగాలేదు."

వరుసలో ఎవరో కిసుక్కుమనిరి. అధికారి కవచము బీటవారెనుగాని, నిబంధనల దుర్గము నిలిచియే యుండెను.

"రూల్ అలా ఉందమ్మా, నేనేం చేసేది?" అని ఆతడు సంధిచేయగోరినవానివలె సొరుగు తెరచి, అద్దములోని సందునుండి చాక్లెట్ చాచెను. "ఇదిగో తల్లీ, తీసుకో."

బాలిక చేయి చాచెను. చాక్లెట్ ప్రక్కనున్న గాలి ఆమె పిడికిట చిక్కెను. మరల చాచెను. మరల గాలియే.

"అంకుల్, మీరు రెండిచ్చారు," అనెను, కొంచెము నొచ్చుకొని. "నాకు ఒక్కటీ అందట్లేదు."

అధికారి తన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకొని, ఆ ఏకైక చాక్లెట్‌ను చాలసేపు చూచెను. పిమ్మట అద్దము వెనుకనుండి లేచి వచ్చి, దానిని బాలిక అరచేతిలో ఉంచి, వ్రేళ్ళు మూసెను.

"మంజూరు చెయ్యడం నా చేతిలో లేదమ్మా. మా డాక్టర్ గారు మళ్ళీ చూడాలి. పాపని కూడా పిలిచి చూడమని రాస్తాను."

"ఆయన కూడా కాదంటే?"

"మళ్ళీ రండి. నేనిక్కడే ఉంటాను, ఎక్కడికి పోతాను?"

అంతట, అధికారి తన బల్లకడకు మరలి చేయి చాపగా, దిక్కులు పిక్కటిల్ల ప్రింటరు శంఖమూదుచుండగా, పంకాగాలికి పాతకాగితములు పుష్పవృష్టివలె రాలుచుండగా, మహాతిరస్కారపాతాళమునుండి ఆ ఫైలు మెల్లగా పైకిలేచి, జానెడెత్తు శూన్యమును లంఘించి, పై ట్రేలో పదిలముగా అధిష్ఠించెను. జయము! జానెడు జయము! మంజూరు కాదు, మాట కూడ కాదు, క్రిందినుండి పైకి ఒక్క జానెడు!

బాలిక నోటినిండ చాక్లెట్‌తో తల్లి చెంగు లాగెను.

"అమ్మా, మన ఫైళ్ళు రెండూ పైకెక్కాయి!"

ఆ రెంటిలో ఒకటి మిథ్య. తల్లి దిద్దబోయి, మానుకొనెను. తేల్చవలసినవారు తరువాత తేల్చుదురుగాక. ఆ మధ్యాహ్నమునకు మాత్రము ఆమె రెంటిని తనవిగానే ఎంచుకొని, కూతురి చేయి పట్టుకొని, మెట్లు దిగెను.