పులి కబురు అందింది

ఒక పెద్ద అడవిలో పులి వస్తే అరిచి చెప్పే ఉద్యోగం ఒక కొండముచ్చుది. పేరు కోటయ్య. మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని, పులి తోక కదిలితే చాలు, గొంతు చించుకుని కేక పెట్టేవాడు. వినగానే అడవంతా పరుగో పరుగు. ఇంతకంటే నాసిరకం ఏర్పాటు లోకంలోనే ఉండదని కొత్తగా వచ్చిన సమాచార డైరెక్టరు, నక్క తోకేశ్వరరావు గారు కనిపెట్టారు.

"ఒకడు అరవడమేమిటి, అందరూ వినడమేమిటి! ఛీ, ఎంత వెనకబాటుతనం!" అన్నారు సభలో. "దీన్ని అప్‌గ్రేడ్ చేసి తీరాలి."

చేశారు. ఇకమీదట కోటయ్య అరవకూడదు. బుద్ధిగా చెట్టు దిగొచ్చి, కబురు కేంద్రంలో చిలకకి చెప్పాలి. కేంద్రం నుంచి ఒక్కో మందకీ ఒక్కో గోరింకల వరస. చెట్టుకో గోరింక కూర్చుని, విన్న మాటని పక్కదానికి అందిస్తుంది. దాని పేరు లైను. పీత రిబ్బను కత్తిరించింది, ఏనుగు దీవించింది, అందరూ చప్పట్లు కొట్టారు. దుప్పి పొడలమ్మ కూడా కొట్టింది, పాపం.

పొడలమ్మకి ఇద్దరు పిల్లలు. ఆ వారంలోనే ఒక్కరయ్యారు. పులి వచ్చింది, కబురు రాలేదు. పెద్దాణ్ణి ఆమె కళ్ళెదుటే నోట కరుచుకుపోయింది.

ఏడ్చి ఏడ్చి, చిన్నదాన్ని వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్ళింది. కిటికీలో చిలక ఉంది.

"మేం పంపాం కదమ్మా," అంది చిలక. "మా వైపు అంతా బాగానే ఉంది."

"మాకు రాలేదు తల్లీ."

"చెవులు ఒకసారి మూసి, మళ్ళీ తెరిచి చూశారా?"

"చూశాను."

"పొదలోంచి బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళి చూశారా?"

"నా బిడ్డ పోయాడమ్మా!"

"అయ్యో! అయితే సమస్యని మావాళ్ళు కళ్ళారా చూడాలి. పులిని ఇంకొక్కసారి రమ్మనండి."

పొడలమ్మ కడుపు మండిపోయింది. "నీ నోట మన్ను పడ!" అని తిట్టి, తిన్నగా వెళ్ళి డైరెక్టరు గారి గుహ ముందు బైఠాయించింది. చిన్నదాన్ని పొట్ట కింద దాచుకుని, పచ్చి గడ్డిపరక ముట్టకుండా కూర్చుంది. చూడ్డానికి అడవి అడవంతా మూగింది. పరువు పోయేలా ఉందని తోకేశ్వరరావు గారు పక్కడవి నుంచి నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన గుడ్లగూబ.

గుడ్లగూబ తెలివైనవాడే, లేనిపోని మాట అనకూడదు. గోరింకలన్నిటినీ విచారించి అసలు సంగతి పట్టుకున్నాడు.

"అడవిపందులకి కబుర్లన్నీ అందుతున్నాయి. ఎందుకంటే అవి పొద్దస్తమానం గుర్రుగుర్రుమంటూనే ఉంటాయి. దుప్పులు నోరు విప్పవు. కొత్త రూలు ప్రకారం, లైనులో కాసేపు చప్పుడు లేకపోతే అవతల ఎవరూ లేరనుకుని గోరింకలు లేచిపోతున్నాయి. ఆ తర్వాత ఏ కబురు పంపినా అది గాలికే."

"ఆ రూలు పెట్టిన మహానుభావుడెవరు?" అంది పొడలమ్మ.

తోకేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "గోరింకలు ఊరికే కూర్చోవడం దండగ కదమ్మా! సరే, కారణం దొరికింది, ఇంకా తవ్వుకోవడం ఎందుకు? ఇవాళ్టి నుంచి దుప్పులు కాసేపటికోసారి 'ఉన్నాం! ఉన్నాం!' అని అరుస్తూ ఉండాలి. అప్పుడు లైను బతికే ఉంటుంది."

"లైను బతుకుతుంది, మేం చస్తాం సారూ! పులికి చెవుల్లేవా?"

"పులి మా శాఖ కిందికి రాదమ్మా. అది భద్రతా శాఖ."

మూగినవాళ్ళంతా తలలూపారు. పొడలమ్మ లెక్క వేసుకుంది. నోరు మూసుకుంటే కబురు రాదు, తెరిస్తే పులి వస్తుంది. మిగిలింది ఒక్కగానొక్క పిల్ల. గొంతులో ఎక్కడలేని వినయం తెచ్చుకుంది.

"మావి సన్న గొంతులు సారూ. ఎలా అరవాలో మీరే వచ్చి చూపించండి. ప్రారంభోత్సవం మీ చేతులమీదుగా జరిగితే మాకూ గౌరవం."

ప్రారంభోత్సవం అనగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు దుప్పులు మేసే పచ్చికబయల్లో, మెళ్ళో మోదుగపూల దండతో నిలబడి తోకేశ్వరరావు గారు తలెత్తి కూశారు. "ఉన్నాం! ఉన్నాం!" నక్క గొంతాయె, రెండు కొండలు దాటింది. పక్కన కొమ్మ మీద గోరింక కూడా బుద్ధిగా కూర్చునే ఉంది. దుప్పులు మాత్రం మర్యాదగా దూరం జరిగి, పొదల అంచున ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాయి. ఎక్కడో ఎండుటాకు చిట్లింది. పొడలమ్మ కాలితో నేలని ఒక్కటి తన్నింది. మంద మాయమైంది. తల్లికంటే ముందు చిన్నదే ఉరికింది.

అప్పుడు గోరింక అరిచింది. "పులి వస్తోంది! పచ్చికబయలు వైపే వస్తోంది!"

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. "వచ్చింది! చూశారా, కబురు వచ్చేసింది! ఒక్క ముక్క పొల్లుపోకుండా వచ్చింది! ఏదీ, ఇంకోసారి చెప్పు!"

గోరింక ఇంకోసారి చెప్పింది. ఆయన ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టారు. మూడోసారి అడగడానికి ఆయన లేరు.

సంతాపసభలో చిలక కన్నీళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది. "కబురు వేళకే అందింది. అందిందని స్వయంగా డైరెక్టరు గారే కేకవేసి చెప్పారు. ఇంతకంటే రుజువేం కావాలి?" అప్‌గ్రేడ్ దిగ్విజయంగా పూర్తయిందని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

నీతి: ఆఫీసు ఏది బాగుచేసినా, ముందు ఆఫీసరు మీద వాడి చూడాలి.