ఒక పొడుగాటి గ్లాసుకు ఇద్దరు సాక్షులు

పొడుగాటి గ్లాసులో మంచుముక్కలు వేసి, కాస్త బర్బన్ విస్కీ పోసి, పైన నిమ్మ షర్బత్ నింపడం మనిషి నేర్చిన విద్యలన్నిటిలోకీ సులువైనది. చదువు రానివాళ్ళూ చేయగలరు, చేయి వణికేవాళ్ళూ చేయగలరు. ఇంత సులువైన పనిని జనం ఇష్టానికి వదిలేస్తే లోకం ఏమైపోతుందోనన్న దిగులుతోనే కెంటకీ రాష్ట్రంలోని టాల్బర్ట్ కౌంటీ పెద్దలు దానికి తగిన ఏర్పాట్లు చేసి పెట్టారు.

ఆ కౌంటీలో బర్బన్ కాయవచ్చు. పీపాల్లో పోయవచ్చు, గోదాముల్లో ఏళ్ళ తరబడి మాగబెట్టవచ్చు, లారీలకెత్తి ప్రపంచమంతటికీ పంపవచ్చు. అమ్మకూడదు, కొనకూడదు. (వాసన చూడవచ్చు. దీన్ని కూడా మానిపించే విషయమై ఒక ఉపసంఘం వేశారు గాని, ముక్కుకు తాళం ఎక్కడ బిగించాలో తేలక అది రద్దయింది.) పీపాల్లోంచి ఏటా కొంత సరుకు గాలిలో కలిసిపోతుంది. అక్కడివాళ్ళు దాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ వాటా పుచ్చుకోవడానికి దేవదూతలు వయసు రుజువు చూపించనక్కర్లేదు.

వెర్లీన్ స్టాంపర్ భర్త ఓడెల్ ఆ గోదాముల్లోనే పీపాలు దొర్లించి దొర్లించి ఒకనాడు పోయాడు. మే నెలలో గుర్రప్పందేల శనివారం సాయంత్రం, టీవీలో గుర్రాలు గేటులోకి చేరే వేళకు, వసారాలో కూర్చుని ఒక హైబాల్, అంటే ఆ పొడుగాటి గ్లాసు సరుకు, తాగడం ఆయన అలవాటు. ఆయన పోయాక ఆ అలవాటును భార్యా, ఆయన అక్క ఇమోజీన్ కలిసి పోకుండా కాపాడారు. ఈ ఏడు మరీ ముఖ్యం. తుంటి పాడైన ఇమోజీన్ సోమవారం చర్చివారి వృద్ధాశ్రమంలో చేరుతోంది. అక్కడ జన్మలో చుక్క ముట్టనివారికే ప్రవేశం. అంటే ఆమెకు ఇదే ఆఖరి గ్లాసు.

అలమారలో సీసా ఖాళీగా ఉంది.

"క్రిస్మస్ కేకులో అంతా నువ్వే కుమ్మరించావు వదినా," అంది వెర్లీన్.

"కేకు అడిగింది, పోశాను. ముక్క మీద ముక్క లాగించినప్పుడు నీకీ మాట గుర్తు రాలేదేం?"

"కిస్మిస్ కోసం తిన్నాను."

"అవునులే. కిస్మిస్ తినే కాబోలు, బల్లెక్కి పాటందుకున్నావు. వెళ్ళు వెళ్ళు, వ్యాను వచ్చేస్తుంది."

చర్చి వ్యాను శనివారాల్లో పెద్దవాళ్ళను కౌంటీ పొలిమేర అవతలి ఫార్మసీకి తీసుకుపోతుంది. ఇవతల ఫార్మసీ లేదా అంటే ఉంది, చర్చి ఎదురుగానే ఉంది. కాని అవతలిదే మంచిదని జనాభిప్రాయం. (దాని గోడకు ఆనుకుని ఒక లిక్కర్ షాపు ఉండడం కేవలం కట్టడం కట్టినవాడి పొరపాటు.) వ్యాను నడిపేది చర్చి పెద్ద హార్లన్ కాబ్. పసివాడుగా ఉన్నప్పుడు అతనికి గుడ్డలు మార్చిన చేతుల్లో వెర్లీన్ చేతులు కూడా ఉన్నాయి.

ఆ షాపులో ఒక మర్యాద ఉంది. మద్యం పాపమని ఒట్టేసుకున్న బాప్టిస్టు క్రైస్తవులు కదా, టాల్బర్ట్ కౌంటీ బాప్టిస్టు అక్కడ ఇంకో బాప్టిస్టును చూడడు. చూపు ఆనక కాదు, చూడడు, అంతే. వ్యానులో మోకాలికి మోకాలు తగిలించుకుని వచ్చినవాళ్ళు ఆ తలుపు దాటగానే పుట్టు అపరిచితులైపోతారు. ఈ నియమం ఎవరూ రాసింది కాదు, ఎవరూ బోధించింది కాదు. అందుకే ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

వెర్లీన్ ఒక బర్బన్ సీసా, ఒక నిమ్మ షర్బత్ సీసా కౌంటరు మీద పెట్టింది. కౌంటరు దగ్గర డార్లా వయసు రుజువుకు ఆమె డ్రైవింగ్ లైసెన్సు కార్డు తీసుకుని యంత్రానికి చూపించింది. యంత్రం గుర్రుమంది.

"మిస్ వెర్లీన్, కార్డు గడువు దాటిపోయిందండీ."

"గడువు దాటింది నా కళ్ళకమ్మా. కారు మానేశాక ఇంకా కార్డెందుకని ఊరుకున్నాను. వయసుకేం, శుభ్రంగా పెరుగుతూనే ఉంది."

"నాకు తెలుసండీ. మా అమ్మా మీరూ ఒక ఈడువాళ్ళే. దీనికి తెలియదు." డార్లా యంత్రం తెరను ఇటు తిప్పింది. 'వయసు నిర్ధారణ కాలేదు' అని ఉంది. రాష్ట్ర వయోనిర్ధారణ మండలివారి నిబంధన ప్రకారం, వయసు నిర్ధారణ కాని ఏ వ్యక్తి అయినా మైనరు కిందే లెక్క. ఈ సంగతి డార్లా నేల చూపులు చూస్తూ చెప్పింది.

"నేను మైనర్నా?"

"దీని లెక్కలో అంతేనండీ."

"అయితే మా అమ్మకు ఫోను చెయ్యి. వచ్చి తీసుకుపోతుంది."

డార్లా నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కుని, తెర మీద మరికొంత చదివింది. "ఒక దారి ఉందండీ. మిమ్మల్ని ఎరిగిన పెద్దలిద్దరు, ఇప్పుడు షాపులో ఉన్నవాళ్ళు, మీరెవరో చెప్పి ఇక్కడ వేలు పెడితే చాలు."

"నువ్వు పెట్టు."

"కౌంటరుకు ఇటువైపు వేలు చెల్లదండీ. అటువైపు వేలే కావాలి."

అటువైపు వేళ్ళకు లోటు లేదు. హార్లన్ కాబ్ ఒక సీసా వెనక అచ్చువేసిన అక్షరాలను, వాక్యపఠనంలో కూడా ఎన్నడూ చూపని శ్రద్ధతో చదువుతున్నాడు. చర్చి గాయకబృందంలో మొదటి గొంతు విల్మా ప్రూయిట్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒక ఖాళీ అరను తదేకంగా పరిశీలిస్తోంది. చందాలు చూసే ఫ్లాయిడ్ చిప్స్ పొట్లాల వెనక వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. (అతని బూట్లకు తాళ్ళు లేవు.)

డార్లా గొంతు తగ్గించింది. "అదుగో, మీ వ్యాను నడిపే హార్లన్ గారు కదూ? ఒక్క కేక వెయ్యనా?"

హార్లన్ మెడ ఎర్రబడింది. పుట్టిన పూట నుంచి వెర్లీన్‌కు తెలిసిన మెడ అది. ఒక్కసారి అవునంటే చాలు, సీసా సంచిలో పడుతుంది, ఇమోజీన్ చేతిలో గ్లాసు ఉంటుంది. వెర్లీన్ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరమ్మా ఆయన?" అంది. "ఈ చుట్టుపక్కల మనిషిలా లేడే."

షర్బత్ సీసాకు యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. పైగా మైనరు కొనుగోలుదారులకు మండలివారి ప్రోత్సాహక కానుక అంటూ ఒక లాలీపాప్ ఇమ్మంది. డార్లా ఇచ్చింది. వెర్లీన్ పుచ్చుకుంది.

వ్యానులోకి ఎక్కగానే అందరికీ అందరూ గుర్తొచ్చారు.

"మిస్ వెర్లీన్! ఎక్కడా కనిపించలేదేం!" అన్నాడు హార్లన్. "ఫార్మసీలో రద్దీగా ఉందా?"

"విపరీతం నాయనా. తెలిసిన మొహం ఒక్కటి తగిలితే ఒట్టు."

గోతిలో చక్రం పడినప్పుడల్లా అందరి ఒళ్ళోని సంచులూ గలగలమన్నాయి.

"ఈ ఏడు దగ్గు సిరప్ జోరుగా పోతున్నట్టుంది," అంది వెర్లీన్.

"పుప్పొడండీ," అంది విల్మా కిటికీలోంచి చూస్తూ. "అంతా పుప్పొడి."

ఇమోజీన్ వసారాలో రెండు పొడుగాటి గ్లాసుల్లో మంచు నింపి సిద్ధంగా కూర్చుంది. "ఏదే సీసా?"

"నేను మైనర్ని వదినా."

"ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచి."

వెర్లీన్ జరిగింది చెప్పి, లాలీపాప్ చూపించింది. ఇమోజీన్ అంతా విని, "హార్లన్ లేడుటే అక్కడ?" అంది.

"లేడు."

ఇమోజీన్ కూడా బాప్టిస్టే. "మంచి పని చేశావు," అంది. మంచు గ్లాసుల కేసి చూసి, "మంచి పనే గాని, నాలుక పిడచగట్టుకుపోతోంది," అంది.

వెర్లీన్ మంచు మీద ఉత్త షర్బత్ పోసింది. గోదాముల వైపు నుంచి గాలి వీచింది. ఇమోజీన్ తన గ్లాసు ఆ గాలికి ఎత్తి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"పైవాళ్ళు తాగేటప్పుడు ఒక చుక్క ఒలకబోస్తారేమోనని."

అప్పుడే పెరటి తలుపు దగ్గర ఏదో పెట్టిన చప్పుడైంది. వెర్లీన్ వెళ్ళి చూసేసరికి మనిషి లేడు, ఫార్మసీ సంచి ఉంది. పైన దగ్గు బిళ్ళలు, కింద బర్బన్ సీసా. దాన్ని లోపల పెట్టి వచ్చేలోగా మళ్ళీ చప్పుడు. మళ్ళీ సంచి. మూడోసారి సంచితో పాటు మెట్టు మీద ఒక జత నల్లకళ్ళద్దాలు కూడా ఉన్నాయి. పెట్టినవాళ్ళు పరుగులో జారవిడుచుకున్నట్టుంది.

"ఎవరే?" అని ఇమోజీన్ కేకేసింది.

"ఏమో వదినా. ఎన్నడూ చూసినవాళ్ళు కారు."

ఓడెల్ పద్ధతిలోనే కలిపింది. షర్బత్ వెనక్కి వంపి, మంచు మీద ముందు బర్బన్ రెండు వేళ్ళ మందం, ఆ తర్వాత షర్బత్ అంచు దాకా, చెంచాతో ఒక్క తిప్పు, పైన ఒక నిమ్మ చెక్క. టీవీలో గుర్రాలు గేటులోకి నడుస్తున్నాయి. ఇమోజీన్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"ఓడెల్ కలిపినంత ఘాటుగా లేదు."

"ఆయన వేళ్ళు లావు వదినా."

ఇమోజీన్ గ్లాసులో మంచు కూడా మిగలకుండా తాగింది.

సోమవారం వృద్ధాశ్రమం కార్యాలయంలో గుమస్తా ప్రవేశ నిబంధన చదివి వినిపించింది. ఇమోజీన్ గారు జన్మలో మద్యం ముట్టలేదని స్వయంగా ఎరిగిన ఇద్దరు వచ్చి సాక్ష్యం చెప్పాలట. ఇద్దరు చాలన్నా చర్చి మొత్తం లేచింది. హార్లన్, ఫ్లాయిడ్, ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ విల్మా, అంతా వరసకట్టారు. వరస గుమ్మం దాటి రోడ్డు మీదికి పోయింది.

అందరికంటే ముందు వెర్లీన్ నిలబడింది. కార్డు ఎవరూ అడగలేదు.