సువర్ణమ్మ పేరు మీద చల్లగాలి

పేదరికం పోవాలంటే ఉద్యోగాలివ్వాలనీ, పొలాలు పంచాలనీ ఇన్నాళ్లూ మనకి చెప్పినవాళ్లంతా అమాయకులు. పేదరికం పోవడానికి పైవాటాలో ఒక ఏసీ చాలు! అది మీది కానక్కర్లేదు. దాని గాలి మీకు తగలనక్కర్లేదు. అది తిరిగే కరెంటు మీటరు మాత్రం మీ పేరు మీద ఉండాలి.

నమ్మరా? అయితే నర్సీపట్నం వచ్చి సువర్ణమ్మని చూడండి.

సువర్ణమ్మ ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టిఫిన్ హోటల్లో చట్నీలు రుబ్బుతుంది. మొగుడు దావీదు గోడలకి రంగులేస్తాడు. వానలు పడితే ఆ పనీ ఉండదు. ఒక్కతే కూతురు శాలిని, పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. యాజులుగారి మేడ కింద వాటాలో అద్దెకుంటారు. ఇక ఆస్తిపాస్తులంటారా? ఒక బల్బు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను కూడా తిరగాలా వద్దా అని కాసేపు ఆలోచించుకున్నాకే తిరుగుతుంది.

ఇంటి యజమాని యాజులుగారు ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుందని మనందరికీ తెలుసు. కానీ దానికి విరుగుడు లెక్కల మాస్టారికే తెలుస్తుంది! పైవాటా మీటరు కోడలు లక్ష్మీప్రియ పేరు మీద పెట్టించారు. కింద వాటా మీటరు సువర్ణమ్మ పేరు మీద పెట్టించి, పైనున్న ఏసీకి వెనకగోడ వెంట ఓ తీగ లాగి ఆ కింది మీటరుకే తగిలించారు. బిల్లు ఆయనే కట్టేవారు, అన్యాయంగా మాట్లాడకూడదు. సువర్ణమ్మ అడిగిన వెంటనే ఆధార్ ఇచ్చేసింది. పెద్దాయన అడిగితే ఎందుకని అడుగుతామా? పైగా బిల్లు మీద తన పేరు అచ్చయి వస్తుంటే మురిసిపోయి చర్చిలో ఆడవాళ్లందరికీ చూపించింది.

అలా చల్లగా రెండు వేసవులు గడిచాయి.

ఈ జూన్‌లో బడి పిల్లల తల్లుల ఖాతాల్లో ప్రభుత్వం వేసే డబ్బుకి జాబితా వచ్చింది. అది పడితే శాలినిని ఇంటర్లో చేర్పించాలని సువర్ణమ్మ ఆశ. జాబితాలో ఆమె పేరు పక్కన 'అనర్హురాలు' అని ఉంది. వార్డు సచివాలయంలో నాగేంద్ర అనే కుర్ర ఉద్యోగి కంప్యూటర్లో వెతికి, ఆమె ముఖం చూడలేక స్క్రీన్ వైపు తిరిగే చెప్పాడు.

"అమ్మా, నీ మీటరు నెలకి మూడొందల యూనిట్లు దాటేస్తంది. సిస్టం నిన్ను డబ్బున్నోల్ల కింద రాసేసింది. నానేటి సెయ్యను?"

చూశారా పరిశీలనంటే ఎంత పకడ్బందీగా ఉందో! సువర్ణమ్మకే తెలియని ఆమె సంపదని సర్కారు కనిపెట్టింది. అదే డోర్ నంబరు మీద అర్హురాలైన తల్లి ఎవరో కూడా కనిపెట్టింది. లక్ష్మీప్రియ! ఆవిడకి బడికెళ్లే కొడుకున్నాడు, వేరే రేషన్ కార్డుంది, మీటరు చూస్తే అంతంత మాత్రంగా తిరుగుతోంది. ఇంతకంటే నిరుపేద ఎవరుంటారు?

సువర్ణమ్మ మేడెక్కి సంగతి చెప్పుకుని, ఏసీ తీగ తన మీటరు నుంచి తీయించమని అడిగింది. యాజులుగారు ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఊరికే వచ్చే డబ్బు మనిషిని ఎలా సోమరిని చేస్తుందో ఓపిగ్గా విడమరిచి చెప్పారు. ఆత్మగౌరవం గురించి కూడా చెప్పారు. ఆ గదిలో చల్లగా ఉండటం వల్ల ఆమెకి సగం నిజమే అనిపించింది కూడా. తీగ మాట మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నారు.

కిందికొచ్చేసరికి శాలిని తల దువ్వుకుని తయారై ఉంది. మెయిన్ రోడ్డులో బట్టల షాపుకి సేల్స్‌గర్ల్స్ కావాలంటున్నారట, రేపటినుంచి రమ్మన్నారట. ఇంటర్ ప్రైవేటుగా కట్టుకోవచ్చులే అని తల్లికే ధైర్యం చెప్పింది. ఆ పిల్ల నవ్వుతూ చెప్పడమే సువర్ణమ్మకి గుండెల్లో గుచ్చుకుంది.

మర్నాడు హోటలుకి సెలవు పెట్టి కరెంటాఫీసుకెళ్లింది. మీటరెవరిదమ్మా అని అడిగారు. నాదేనంది. బిల్లు మీద పేరుంది కదా, ఇంకెవరి సంతకమూ అక్కర్లేదన్నారు. లైన్‌మేన్ కొండబాబు వచ్చి వెనకగోడ వెంట పోయిన తీగ ఊడదీశాడు. మధ్యాహ్నం రెండింటికి యాజులుగారు చెమటలు కక్కుతూ మెట్లు దిగి వచ్చారు. తనకొక మాట చెప్పకుండా ఇదేం పనని అడిగారు.

"తప్పుగా అనుకోకండి బాబూ. మీరు సల్లగుండాల, నా బిడ్డ సదువుకోవాల. రెండూ నా మీటరు మీద నడవవు," అంది సువర్ణమ్మ. వాటా ఖాళీ చెయ్యమంటారేమోనని లోపల భయపడుతూనే ఉంది.

ఆయన చెయ్యమనలేదు. అంత ఎండలో కొత్త అద్దెవాళ్లని వెతకడం ఆయన వల్ల కాదు. ఏసీని పైమీటరుకే తగిలించుకున్నారు. కొండబాబు రాసిచ్చిన కాగితం చూసి, కరెంటాఫీసువాళ్లు పాత యూనిట్లు కూడా ఎవరివి వాళ్ల లెక్కలోకి మార్చారు. రెండో జాబితాలో సువర్ణమ్మ పేరు అర్హుల్లోకొచ్చింది. శాలిని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరింది.

సోమరితనం గురించి యాజులుగారన్నది అక్షరాలా నిజమని మనం ఒప్పుకోవాలి. ఊరికే వచ్చినదానికి అలవాటు పడ్డ మనిషికి అది పోతే ఎంత కష్టమో! అదే జాబితాలో లక్ష్మీప్రియ పేరు అనర్హుల్లోకి జారిపోయింది. ఆ సోమవారమే ఆయన ఎండలో నడుచుకుంటూ సచివాలయానికి వెళ్లి, నాగేంద్ర చేతిలో ఓ అర్జీ పెట్టారు. ప్రభుత్వ సాయం నిజమైన పేదలకి అందడం లేదని అందులో చాలా బాధపడుతూ రాశారు.