బొండాంలో నీలం

తారకేశ్వరరావుకు సూదంటే భయం లేదు. సూది గుచ్చాక వచ్చే అంకె అంటేనే భయం.

వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎక్కువ. అక్కడ పరీక్ష సంగతి, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడుగుతారు. ఆయన అందరికీ "బాగానే ఉంది" అని చెబుతాడు. పరీక్ష చేయించుకోని మనిషికి ఎప్పుడూ బాగానే ఉంటుంది.

"పలాస ఆస్పత్రికి ఎప్పుడు పోదుం బావా?" అంది భార్య బంగారమ్మ.

"జీడిపిక్కలు ఏరడం అవనీ."

"పోయినేడూ అదే సెప్పినావు. ఏరినోళ్ళు టెస్టు సేయించుకొచ్చి మల్లీ ఏరతన్నారు."

ఆయన ఫోను తీసి చూడసాగాడు. అందులో ఒకాయన నాచు నుంచి తీసే నీలిరంగు పొడి గురించి చెబుతున్నాడు. ఐస్‌క్రీముల్లో, మిఠాయిల్లో రంగు కోసం వేస్తారట. ఒంట్లో వాపులకు మేలు చేస్తుందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయట. ఆ "ఏమో" ఆయన చెవిన పడలేదు. భయపడ్డ మనసు తనకు కావలసిన ముక్కే వింటుంది. ముందు పొడి తాగి ఒళ్ళు బాగుచేసుకుని, ఆ తర్వాత పరీక్షకు వెళదామనుకున్నాడు. స్నానం చేశాకే నూతి దగ్గరికి వెళతానన్నట్టుంది ఆ తీర్మానం.

డబ్బా తెప్పించి దాచాడు. మొదట వేడి కాఫీలో కలిపాడు. కాసేపటికి నీలం వెలిసిపోయింది. రంగుతో పాటు గుణమూ పోయిందేమోనని దిగులుపడి, మర్నాడు తోటలో కొబ్బరి బొండాం కొట్టి, కన్నంలోంచి రెండు చెంచాల పొడి పోసి, కలిపి ఎత్తి తాగేశాడు. బొండాం లోపల ఏముందో దేవుడికి కూడా కనిపించదు. తోటలో అద్దం లేదు గనుక తన తెల్లమీసం సంగతి ఆయనకూ కనిపించలేదు.

ఇంటి గుమ్మంలో బంగారమ్మ ఆయన్ని చూసింది. ఒక్క క్షణం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వీధిలోకి పరుగెత్తింది.

"సన్యాసయ్యా, ఆటో తియ్యి. బావ మూతి నీలంగా అయిపోనాది."

"నాకేటీ అవనేదే," అన్నాడాయన.

ఆటో సన్యాసయ్య వచ్చి నోట్లోకి తొంగిచూశాడు. "నాలికా నీలమే. మాటాడకు బావా, బలం దాసుకో."

"ఒరే, నాను తాగింది కొబ్బరినీళ్ళురా."

"నీలం కొబ్బరినీళ్ళంట అక్కా. మతి కూడా తప్పుతన్నాది."

సగం నిజం చెబితే పిచ్చివాడు, మొత్తం చెబితే పిరికివాడు. ఏది నయమో తేల్చుకునేలోగా ఆటో పలాస చేరింది. దారిలో మీసం తుడుచుకోబోతే బంగారమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉంచు. డాక్టరు సూడాల."

ఆస్పత్రిలో నర్సు దీప్తి ముందు రక్తం తీసి, తర్వాత సంగతి అడిగింది. ఆయన గొంతు తగ్గించి పొడి కథ చెప్పాడు.

"రంగు కోసం తినొచ్చండీ. మందనుకుని టెస్టు మానేస్తేనే తప్పు," అందామె.

బల్ల మీద కూర్చున్నాక ఆయన మెల్లగా అడిగాడు. "ఒకేల బాగోకపోతే?"

"మందులుంటాయి. తెలిస్తే కదా ఏసుకునీది," అంటూ బంగారమ్మ గాజులు పైకి లాక్కుని దీప్తి ముందు చెయ్యి చాపింది.

"నీకెందుకే?"

"ఒక్కదాన్నీ రాడానికి నాకూ దైర్నం సాలనేదు బావా."

ఇంట్లో భయపడేది తానొక్కడినే అని ఇన్నాళ్ళూ అనుకున్నాడాయన. ఏమీ అనకుండా ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి దీప్తి వచ్చి, ఇద్దరికీ బాగుందని చెప్పింది. ఆయనకు ఒక్కసారిగా ఆకలి వేసింది. పొడి కథ విన్నా బంగారమ్మ ఆశ్చర్యపోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"పొడి సంగతి నీకెప్పుడు తెలిసినాది?"

"డబ్బా వచ్చిన్నాడే. సల్లారిన పాయసంలో ఏసి సూసినాను. నా నాలికా నీలమే అయినాది."

"అయితే ఆ గాబరా అంతా నటనా?"

"ఆటో ఎక్కీదాకా నటనే. ఈ బల్ల మీద కూకున్నాక అవసరం పడనేదు," అంది బంగారమ్మ, చెంగు తడిపి ఆయన మూతి తుడుస్తూ. "వచ్చే ఏడు మాత్రం మామూలు మూతితోనే తీసుకొత్తాను."