పదకొండు వేల ఫోము

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది అయిదుగురు. నాన్న రామాంజనేయులు, అమ్మ కోటేశ్వరి, నాయనమ్మ రాఘవమ్మ, బాబాయి కోటేష్, ఇంటర్ చదువుతున్న బిందుమాధవి. వాకిట్లో ఉన్న కారును కూడా లెక్కలో వేయాలని బాబాయి అంటాడు. నాన్న ఒప్పుకోడు.

అది పాత అంబాసిడర్. బాబాయి దాన్ని దర్శిలో పాత ఇనుము ధరకు కొని, పైకప్పు కోయించి, వెడల్పు టైర్లు తొడిగించి, పండు మిరపకాయ రంగు వేయించాడు. పెళ్లికొడుకుల ఊరేగింపులకు అద్దెకు తిప్పాలని ఆయన కోరిక. సీట్ల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది. ఎర్ర రెగ్జిన్, తెల్లదారంతో డైమండ్ కుట్టు, లోపల మంచి ఫోము, అన్నీ కలిపి నలభై ఆరు వేలవుతుందని సీట్లు కుట్టే గౌస్ బాషా కాగితం మీద రాసిచ్చాడు.

"కూర్చునేదానికి అంతా? పాడిగేదె రాదంటరా ఆ డబ్బుకి?" అన్నాడు నాన్న. ముప్పై అయిదు వేలకు మించి ఇవ్వనన్నాడు. అదీ ఒక షరతు మీద. ఆ ఆదివారం గడిచేలోపల ఒక్క పెళ్లయినా బుక్ కాకపోతే కారు తిరిగి పాత ఇనుముకే పోతుంది.

బాబాయి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పదో తరగతితో బిందు చదువు చాలని నాన్న అన్నప్పుడు, రోజూ తనే కాలేజీకి దింపుతానని ఒప్పించింది ఆ బాబాయే. బిందు నలుగురిలో నోరు తెరవదు. ఆ రోజు మాత్రం పెరట్లో, ఆయనకొక్కడికే వినపడేలా అంది.

"ఫోము పదకొండు వేలే గదా బాబాయ్. అటక మీద పరుపులకని ఏకించిన దూది ఉంది."

ఉంది. మూడు గోతాల నిండా ఉంది. నిరుడు ఆ గోతాల్లోనే మిరపకాయలు తొక్కారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గౌస్ బాషా అయినా పసిగట్టాల్సింది. కానీ ఆయన షాపు కారం మిల్లు పక్కన ఉంది, పదిహేనేళ్లుగా తుమ్ముతూనే కుడుతున్నాడు. డ్రైవర్ సీటుకు పాత ఫోమే ఉంచారు కాబట్టి, కారును ఇంటికి నడుపుకొచ్చిన బాబాయికీ ఏమీ తెలియలేదు.

ఆదివారం పదింటికి మార్టూరు నుంచి త్రినాథ్ గారు రావాలి. ఆయనకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది, కొడుకు పెళ్లికి కారు చూసుకుంటున్నాడు. బాబాయి ప్లాను చిన్నదే. కూర్చోబెట్టాలి, ఊరు చుట్టూ తిప్పాలి, అడ్వాన్సు తీసుకోవాలి.

త్రినాథ్ గారు వచ్చి డ్రైవర్ పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఎండలో కాగిన సీటు ఆయన బరువుకు బుస్సున ఊపిరి వదిలింది. క్షణంలో ఆయన కళ్లు నిండాయి. కారు అందానికే కరిగిపోయాడనుకుని బాబాయి వినయంగా చేతులు కట్టుకున్నాడు.

కొడుకు పెళ్లి చూడకుండా పోయిన పెద్దలెవరో గుర్తొచ్చారని నాయనమ్మ అనుకుంది. చెంబుతో మంచినీళ్లు తీసుకుని వెనక సీటెక్కి, "ఊరుకో నాయనా, పోయినోళ్లు తిరిగొస్తారా" అని ఆయన భుజం నిమిరింది. రెండో ఓదార్పుకు ఆమె గొంతూ పట్టేసింది, కళ్లు ధారలు కట్టాయి. అత్తగారు పరాయి మనిషితో కలిసి ఏడవడం కిటికీలోంచి చూసిన అమ్మ, పప్పు పొయ్యి మీదే వదిలేసి వచ్చి, కారణం తర్వాత అడగవచ్చని ముందు ఏడుపు అందుకుంది.

పక్కింటి యలమంద తువ్వాలు తలకు చుట్టుకుని గోడ దగ్గరకు వచ్చాడు. "ఎవరు పిన్నీ పోయింది? ఎప్పుడు తీస్తున్నారు? కాయ కోతకి కూలోళ్లని పిలిచాను, మాన్పించమంటావా?"

జవాబుగా నాయనమ్మ ఏడుసార్లు తుమ్మింది. చావింట్లో ఇన్ని తుమ్ములుండవని యలమందకు అనుమానం వచ్చింది. నాన్నకు అంతకు ముందే వచ్చింది. సీటు కుట్టు మీద వేలు రాసి, వాసన చూసి, తనూ తుమ్మాడు.

"ఏరా, ఈ దూది ఎవరి ఆలోచన?"

తలుపు చాటున నిలబడ్డ బిందు ఇంకాస్త లోపలికి జరిగింది. బాబాయి అటువైపు చూడనైనా చూడలేదు.

"నాదే అన్నయ్యా."

"అయితే పాత ఇనుమోడికి కబురు కూడా నువ్వే పెట్టు."

ఈలోగా త్రినాథ్ గారు కారు దిగి, జేబురుమాలు తడిసి ముద్దయ్యేదాకా ముక్కు చీదాడు. గాలి లోపలికి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. "లోపల ఏదో మాడుతోందమ్మా" అన్నాడు.

అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని ఆ మాడు వాసననే పూలవాసనలా పీలుస్తున్నాడు. రాతిపొడిలో తిరిగి తిరిగి ఆయనకు ముక్కు మూసుకుపోయి రెండేళ్లయిందట. డాక్టర్లకు పోసిన డబ్బుతో నాలుగు కార్లకు సీట్లు కుట్టించవచ్చట. కొడుకు పెళ్లి భోజనం వాసన తెలియకుండానే తినాలి కాబోలని దిగులు పడుతున్నాడట. ఈసారి ఆయన కళ్లలో నీళ్లు మిరపవి కావు.

"పెళ్లికి ఈ బండే. వెనక సీటుకి ఫోము వేయించండి, ఆ పదకొండు వేలు నేనిస్తా. ముందు సీటు మాత్రం ముట్టుకోవద్దు. అందులో నేను కూర్చుంటా."

అడ్వాన్సు నాన్న చేతిలో పెట్టి, ఇంతకీ దూది ఎవరి ఆలోచనో చెబితే దండం పెట్టుకుంటానన్నాడు.

"మా బిందుదండి" అన్నాడు బాబాయి, ఏమాత్రం తడుముకోకుండా.

నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పాత ఇనుము మాట మళ్లీ ఎత్తలేదు.

త్రినాథ్ గారు వెళ్లాక బాబాయి కారుకు అంటిన దుమ్ము తుడిచి, "రామ్మా, మొదటి చుట్టు నీదే" అని బిందును చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు కూర్చోబెట్టాడు. తిట్లు తాను తిని మెప్పు బిందుకు మిగిల్చిన మనిషికి ఏదైనా చెప్పాలని ఆమె మాటలు కూడదీసుకుంది. ఇంతలో గొంతు పట్టేసింది, కళ్లు నిండాయి. కృతజ్ఞతేనని ఆమె కూడా అనుకుంది.

అది ఏ సీటో ఇద్దరికీ గుర్తు రాకముందే, "ఏడవకే పిచ్చిమొద్దూ" అంటూ బాబాయి తలుపు వేసేశాడు.